ఎరిక్ మరియా రిమార్క్

ఎరిక్ మరియా రిమార్క్ (జూన్ 22, 1898 - సెప్టెంబర్ 25, 1970) సుప్రసిద్ధ జర్మన్ నవలా రచయిత. మొదటి ప్రపంచ యుద్ధంలో సామాన్య సైనికులు ప్రాణాలు నిలుపుకొనుటకు పడిన పాట్లను చిత్రించిన "ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్" నవల, దాని ఆధారంగా 1930లో వచ్చిన చలనచిత్రం ఈయనకు ప్రపంచఖ్యాతిని తెచ్చిపెట్టాయి.

బాల్యము, యుద్ధానుభవము

రిమార్క్ జర్మనీలోని ఆస్నాబ్రుక్ పట్టణంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. తండ్రి పుస్తకాలకు బైండింగు చేసేవాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా 1916లో నిర్బంధ సైనికసేవకు పిలుపు వచ్చింది. 1917 జూన్‌లో పశ్చిమ రణరంగానికి చేరిన ఈయన జూలై 31న ఫిరంగి గుండు శకలాలు తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత చాలాకాలం డూయిస్‌బర్గ్‌లోని సైనిక వైద్యశాలలో గడిపాడు. ఆ సంవత్సరమే తల్లి మరణించింది. ఎరిక్ పాల్ అన్న తన పేరులో తల్లి జ్ఞాపకార్థం తరువాత మరియా అని చేర్చుకున్నాడు. యుద్ధానంతరం కొంతకాలం ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా, అటుపై పాత్రికేయుడుగా పనిచేశాడు.

నవల, చలనచిత్రము

ఈ నవల 1928లో బెర్లిన్ దినపత్రికలో ధారావాహికంగా వెలువడి, 1929లో పుస్తకరూపం దాల్చింది. హాలీవుడ్‌లో లూయిస్ మైల్‌స్టోన్ దర్శకత్వంలో తీసిన చిత్రానికి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్ బహుమతులు లభించాయి. ఉపాధ్యాయుని ఉద్రేకపూరిత ప్రసంగం విని పాల్ బాయ్‌మర్, అతని సహాధ్యాయులు సైన్యంలో చేరడంతో కథ మొదలవుతుంది. కందకాలలో ఆకలి, ఎలుకలు, ఎడతెగని ఫిరంగి దాడుల నడుమ వీరోచిత కార్యాల కంటే ఒక పూట తిండి, ఒక జత బూట్లు వారికి ముఖ్యమవుతాయి. మరణించిన మిత్రుని బూట్లు మరొకరికి, అతని నుండి ఇంకొకరికి చేరుతాయి. తాను పొడిచిన ఫ్రెంచి సైనికునితో పాల్ ఒకే గోతిలో రాత్రంతా గడిపి, అతనిని క్షమాపణ వేడుకుంటాడు. చివరకు సీతాకోకచిలుక కొరకు చేయి చాపుతూ పాల్ మరణిస్తాడు. ఆ దృశ్యంలో కనిపించే చేయి దర్శకునిదే.

నాజీల వ్యతిరేకత

జర్మన్ సైనికులను కించపరిచిందని నాజీలు ఈ చిత్రంపై ఆగ్రహించారు. 1930 డిసెంబరులో బెర్లిన్‌లో ప్రదర్శన జరుగుతుండగా గోబెల్స్ నాయకత్వంలో దుర్వాసన గుళికలు విసిరి, తెల్ల ఎలుకలను వదిలి అల్లరి చేశారు. కొద్ది రోజులలోనే ప్రభుత్వం చిత్రాన్ని నిషేధించింది. 1933లో హిట్లర్ అధికారానికి రావడంతో రిమార్క్ స్విట్జర్లాండుకు తరలిపోయాడు. అదే సంవత్సరం మే 10న ఆయన పుస్తకాలను బహిరంగంగా తగులబెట్టారు. 1938లో జర్మన్ పౌరసత్వాన్ని రద్దు చేశారు. 1939లో అమెరికా చేరిన రిమార్క్ 1947లో ఆ దేశ పౌరుడయ్యాడు.

జర్మనీలోనే ఉండిపోయిన చెల్లెలు ఎల్ఫ్రీడ్, యుద్ధంలో ఓటమి తప్పదని అన్నందుకు ప్రజా న్యాయస్థానం మరణశిక్ష విధించింది. అన్న తమకు చిక్కలేదని, ఆమెను మాత్రం వదలబోమని న్యాయాధ్యక్షుడు అన్నట్లు చెబుతారు. 1943 డిసెంబరు 16న ఆమెకు శిరచ్ఛేదం జరిగింది. యుద్ధం ముగిసిన తరువాతనే రిమార్క్‌కు ఈ సంగతి తెలిసింది. 1952లో నిర్బంధ శిబిరపు ఖైదీల జీవితంపై రాసిన "స్పార్క్ ఆఫ్ లైఫ్" నవలను ఆమెకు అంకితమిచ్చాడు.

చివరి దశ

1958లో రిమార్క్ నటి పాలెట్ గొడార్డ్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం, తన మరొక యుద్ధ నవల ఆధారంగా వచ్చిన "ఎ టైమ్ టు లవ్ అండ్ ఎ టైమ్ టు డై" చిత్రంలో ఉపాధ్యాయుని పాత్ర ధరించాడు. 1970లో స్విట్జర్లాండులోని లొకార్నోలో మరణించాడు. ఆయన మొదటి యుద్ధ నవల 2022లో తొలిసారిగా జర్మన్ భాషలోనే చలనచిత్రంగా వచ్చి, నాలుగు ఆస్కార్ బహుమతులు గెలుచుకుంది.