ఓటుకు కంచె – నీలం సంజీవరెడ్డి

అనంతపురం జిల్లా ఇల్లూరులో ఒక రైతు కుటుంబాన 1913 మే 19న నీలం సంజీవరెడ్డి జన్మించారు. గాంధీజీ బోధనల ప్రభావంతో కళాశాల చదువును విడిచి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించి, కారాగారవాసం అనుభవించారు. రాజ్యాంగ పరిషత్తులో సభ్యులయ్యారు. 1952 సాధారణ ఎన్నికలలో అనంతపురంలో తన బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. అయినా కుంగిపోలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

1967లో హిందూపురం ప్రజలు ఆయనను లోక్‌సభకు పంపారు. నేడు పెనుకొండ, ధర్మవరం శాసనసభా స్థానాలు కూడ ఈ లోక్‌సభా నియోజకవర్గంలోనివే. కరవు నేలలోని సామాన్యుల ఓటుతో సభకు చేరిన సంజీవరెడ్డి స్పీకరుగా ఎన్నికయ్యారు. సభాపతి ఏ పక్షానికీ చెందరాదని భావించి తన పార్టీ సభ్యత్వాన్ని వదులుకొన్నారు.

1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. కాంగ్రెసు పార్టీ సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలిపింది. అయితే ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధానుసారం ఓటు వేయవలసిందిగా సభ్యులను కోరారు. ఈ వివాదం నడుమ సంజీవరెడ్డి శీలాన్ని నిందించే ఒక ఆకాశరామన్న కరపత్రం పార్లమెంటు సభ్యుల చేతులలోకి చేరింది. ఓటు రహస్యమైనదే; కాని ఓటరు మనస్సును అబద్ధంతో కలుషితం చేస్తే ఆ రహస్యం కాపాడగలిగేది ఏమున్నది?

ఆగస్టు 16న పోలింగు జరిగింది. బరిలో 15 మంది ఉండగా, వారిలో కొందరికి ఒక్క ఓటయినా రాలేదు. గెలుపునకు 4,18,169 ఓట్ల విలువ అవసరం. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ అది దక్కలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లను కలిపిన పిమ్మట వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి.

ఓటర్లపై లంచంగాని, అనుచిత ప్రభావంగాని ప్రయోగించినట్లు రుజువైతే ఎన్నికను రద్దు చేయవచ్చునని 1952 నాటి రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల చట్టం చెబుతున్నది. ఆ చట్టాన్ని ఆధారం చేసుకొని కొందరు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ అర్జీదారులలో సంజీవరెడ్డి లేరు. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పారు. చట్టం ముందు అందరూ సమానులేనని లోకానికి తెలిసింది. 1970లో న్యాయస్థానం అర్జీలను కొట్టివేసింది. సంజీవరెడ్డి స్వగ్రామానికి మరలి వ్యవసాయం చేసుకొన్నారు.

1974లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి. మరి పదిమంది బలపరచాలి. 2,500 రూపాయలు ధరావతు చెల్లించాలి. ఎన్నికను సవాలు చేయాలంటే అభ్యర్థి అయినా కావాలి, లేదా కనీసం ఇరవైమంది ఓటర్లయినా కలిసిరావాలి. ఈ విధంగా గంభీరమైన ఎన్నిక వేళాకోళం కాకుండ కంచె ఏర్పడింది.

కాలం విచిత్రమైనది. 1977లో నంద్యాల నుండి గెలిచి మరల స్పీకరయిన సంజీవరెడ్డి, అదే సంవత్సరం రాష్ట్రపతి పదవికి నిలిచారు. నామినేషను వేసిన 37 మందిలో 36 మంది పత్రాలు చెల్లలేదు. ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1982 వరకు ఆ పదవిలో ఉండి, 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాదే ప్రతిపాదకుల సంఖ్యను, బలపరచేవారి సంఖ్యను యాభై వంతున, ధరావతును 15,000 రూపాయలకు పెంచారు.

కంచె లేని చేను పశువుల పాలవుతుంది. కంచె మరీ ఎత్తయితే రైతుకే దారి దొరకదు. ఎన్నికల చట్టాలు చేసేవారు ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి. అయితే ఎంత గట్టి చట్టమైనా ఆకాశరామన్న వ్రాతను నమ్మే మనస్సుకు కాపలా కాయలేదు. ఆ పని ఓటరు వివేకానిదే. ఓటమిని హుందాగా స్వీకరించి, ఎనిమిదేండ్లకు అదే పదవిని అందుకొన్న సంజీవరెడ్డి జీవితం ఈ సత్యాన్ని తెలుపుతున్నది.