ఉద్యోగంలో చేరిన సైన్యంపైనే యుద్ధం: జర్మన్ సేనాని మోల్ట్‌కే కథ

మన పిల్లల హైస్కూల్ చరిత్ర పుస్తకాల్లో జర్మనీ ఏకీకరణ పాఠం రాగానే బిస్మార్క్ పేరే వినిపిస్తుంది. ఆయన రాజకీయాన్ని యుద్ధరంగంలో గెలిపించిన సేనాని గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. ఆయనే హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కే. పుట్టింది ఒకచోట, చదివింది మరో దేశంలో, పేరు తెచ్చుకున్నది ఇంకో దేశంలో. ఆ రకంగా మనకు కాస్త దగ్గరివాడే.

ఆయన 1800 అక్టోబర్ 26న మెక్లెన్‌బర్గ్‌లోని పార్షిమ్‌లో పుట్టారు. తర్వాత కుటుంబం డెన్మార్క్ రాజు పాలనలో ఉన్న హోల్‌స్టైన్‌కు మారింది. 1806లో ఫ్రెంచి సైనికులు లూబెక్‌లోని వాళ్ల ఇంటిని దోచుకున్నారు. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న తండ్రి కొడుకుని కోపెన్‌హాగెన్ సైనిక పాఠశాలలో చేర్చారు. 1819లో డెన్మార్క్ సైన్యంలో అధికారి అయిన మోల్ట్‌కే, మంచి అవకాశాల కోసం 1822లో ప్రష్యా సైన్యానికి మారారు.

అక్కడా జీతం చాలేది కాదు. గుర్రం కొనుక్కోవడానికి గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య చరిత్రను జర్మన్‌లోకి అనువదించడానికి ఒప్పుకున్నారు. చాలా సంపుటాలు పూర్తి చేసినా, చేతికి వచ్చింది అనుకున్న డబ్బులో కొంతే.

1835లో టర్కీ వెళ్లి సుల్తాన్ సైన్యానికి సలహాదారుగా పనిచేశారు. 1839లో నెజిబ్ దగ్గర ఈజిప్టు సైన్యం ఎదురైనప్పుడు, వెనక్కి తగ్గి బలమైన చోట నిలబడదామని ఆయన చెప్పినా సేనాపతి వినలేదు. ఆ యుద్ధంలో టర్కీ ఘోరంగా ఓడిపోయింది.

1842లో తన చెల్లెలి సవతి కూతురు, ఇంగ్లిష్ అమ్మాయి మేరీ బర్ట్‌ను పెళ్లి చేసుకున్నారు. అప్పుడు ఆయనకు 41, ఆమెకు 16. ఈ రోజు మనకు మింగుడుపడని సంగతే ఇది. అయినా వాళ్లిద్దరూ అన్యోన్యంగా బతికారు. పిల్లలు లేరు.

రైళ్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మోల్ట్‌కే బెర్లిన్–హాంబర్గ్ రైల్వే కంపెనీ బోర్డులో పనిచేశారు, 1843లో రైలు మార్గాల గురించి వ్యాసం కూడా రాశారు. 1857లో, 57వ ఏట, ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి అయ్యారు. మ్యాపులు గీయించడం, రైళ్ల టైమ్‌టేబుళ్లు వేయించడం, యుద్ధం రాకముందే ప్రతి దళం ఎక్కడికి ఎలా చేరాలో లెక్క కట్టడం ఆ కార్యాలయం పని. లక్షల మంది ఒకే రోడ్డు మీద నడిస్తే వెనకవాళ్లు ముందుకు రావడానికే రోజులు పడుతుంది. అందుకే సైన్యాన్ని వేర్వేరు దారుల్లో నడిపించి, యుద్ధం జరిగే చోట కలపాలన్నది ఆయన పద్ధతి.

1864లో ఆ లెక్కలు డెన్మార్క్ మీదే వేయవలసి వచ్చింది. తనకు చదువు చెప్పి, తొలి ఉద్యోగం ఇచ్చిన దేశమది. ఆయన ఆ పనీ పూర్తి చేశారు.

1866 జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియాతో పోరు పొద్దున్నే మొదలైంది. యువరాజు నడిపిస్తున్న రెండో సైన్యం మధ్యాహ్నానికి గానీ చేరలేదు. అది రాగానే ఆస్ట్రియా పక్క విరిగింది. ఆ ఒక్క రోజులో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిసి ఆస్ట్రియా వైపు 40,000 పైమాటే. ప్రష్యా వైపు సుమారు 9,000.

1868 డిసెంబర్ 24న మేరీ చనిపోయారు. సైలీషియాలోని క్రైసావ్ ఎస్టేట్‌లో ఆమెకు సమాధి కట్టించారు. రెండేళ్లు తిరగకుండానే ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చింది. సెడాన్ దగ్గర మూడో నెపోలియన్ చక్రవర్తితో పాటు లక్ష మందికి పైగా బందీలయ్యారు. నాలుగు నెలలకు పైగా సాగిన పారిస్ ముట్టడిలో సామాన్య జనం ఆకలితో, ఫిరంగి గుండ్లతో నలిగిపోయారు. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది. మోల్ట్‌కే ఫీల్డ్ మార్షల్ అయ్యారు.

1888లో పదవి వదిలారు. మరుసటి ఏడాది ఎడిసన్ ప్రతినిధి ఒకరు క్రైసావ్ వచ్చి, మైనపు సిలిండర్ మీద ఆయన గొంతు రికార్డు చేశారు. శతాబ్దాల లెక్కలో 1800 అంటే 18వ శతాబ్దపు చివరి ఏడాది. ఆ శతాబ్దంలో పుట్టినవాళ్లలో గొంతు మిగిలింది ఈయన ఒక్కరిదేనని చెబుతారు. సైన్స్ చదువుకున్న నాకు ఇది ఆయన యుద్ధాలకన్నా అబ్బురంగా అనిపించింది.

1890 మేలో, 89 ఏళ్ల వయసులో, పార్లమెంటులో చివరి హెచ్చరిక చేశారు. యూరప్‌లో ఇకపై వచ్చేది రాజుల యుద్ధం కాదు, ప్రజల యుద్ధం అవుతుందని, అది ఏడేళ్లు, ముప్పై ఏళ్లు కూడా సాగవచ్చని, దానికి నిప్పు పెట్టేవాళ్లకు శాపం తప్పదని చెప్పారు. తర్వాతి ఏడాది ఏప్రిల్ 24న బెర్లిన్‌లో కన్నుమూశారు.

ఆ మాట ఎవరూ చెవికెక్కించుకోలేదు. 1914లో యుద్ధం మొదలైనప్పుడు జనరల్ స్టాఫ్ అధిపతి స్థానంలో ఉన్నది ఆయన పేరే పెట్టుకున్న సొంత అన్నదమ్ముల బిడ్డ. ఆయన తయారుచేసిన యంత్రం అలాగే ఉంది, ఆయన భయం మాత్రం వారసత్వంగా రాలేదు. ఆ తర్వాతి తరాల్లో మరో హెల్ముట్ మోల్ట్‌కే అదే క్రైసావ్‌లో స్నేహితులను చేర్చుకుని, హిట్లర్ పోయాక జర్మనీ ఎలా ఉండాలో చర్చించారు. 1945 జనవరిలో నాజీలు ఆయన్ని ఉరితీశారు. క్రైసావ్ ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఫీల్డ్ మార్షల్ గారి ఎస్టేట్‌లో ఈ రోజు వివిధ దేశాల యువత కలుసుకునే కేంద్రం నడుస్తోంది.