సముద్రంలో దీపం పెట్టిన లూయీ బూతాన్

చిన్న కెమెరాతో సముద్రంలోకి దిగేవారు నేడు పక్కన విడి ఫ్లాష్ బిగించుకుంటారు. లూయీ బూతాన్ కాలంలో ఆ ఫ్లాష్ ఒక పెద్ద పీపా అని తెలిసి మేము ఆశ్చర్యపోయాము!

బూతాన్ 1859లో ఫ్రాన్సులో జన్మించారు. జీవశాస్త్రవేత్త. బానియుల్స్ తీరంలోని అరాగో ప్రయోగశాలలో పనిచేస్తూ, డైవింగ్ దుస్తులతో సముద్రంలో దిగేవారు. అక్కడ చూసినది మాటల్లో చెప్పడం చాలక ఫోటోలు తీయాలని సంకల్పించారు. ఇంజనీరైన సోదరుడు ఒగుస్త్ నీరు చొరని కెమెరా పెట్టె రూపొందించారు. 1893లో ఫోటోలు వచ్చాయి. కానీ అసలు చిక్కు వెలుతురుది. ఒక్కో ఫోటోకు అరగంట వరకు పట్టేది. అంతసేపు ఏ చేప కదలకుండా ఉంటుంది?

షోఫూర్ అనే ఎలక్ట్రీషియన్ గాజుబుడ్డిలో ఆక్సిజన్ నింపి, మెగ్నీషియం తీగ మండే దీపం చేసిచ్చారు. వేడికి బుడ్డి పగిలేది. అప్పుడు ప్రయోగశాల మెకానిక్ జోసెఫ్ దవీద్ 200 లీటర్ల పీపాలో ఆక్సిజన్ నింపి, పైన గాజు గంటలో స్పిరిట్ దీపం అమర్చారు. రబ్బరు బుడగ నొక్కితే మెగ్నీషియం పొడి మంటపై పడి భగ్గుమనేది. పీపా తేలకుండా బరువులు కట్టి దించేవారు. పేరు బూతాన్‌కు దక్కింది గానీ, చేతిపని ఆ మెకానిక్‌ది. ఆయననూ మేము మరువలేము.

1899లో బూతాన్ బ్యాటరీలతో వెలిగే ఆర్క్ దీపాలను నీటిలోకి దించారు. 1900లో తన అనుభవాలను పుస్తకంగా వెలువరించారు. 1934లో కన్నుమూశారు.