గ్రనాడోస్

ఐరోపా ఖండమునకు నైరృతి దిక్కున స్పెయిన్ దేశము కలదు. ఆ దేశమందలి లెయిదా నగరమున 1867 జూలై 27వ తేదీన ఎన్రిక్ గ్రనాడోస్ జన్మించెను. అతని తండ్రి సైనికోద్యోగి. గ్రనాడోస్‌కు బాల్యముననే సంగీతమునందు అభిరుచి కలిగెను. అతడు బార్సిలోనా నగరమున పియానో వాద్యము నేర్చెను. పెద్రెల్ అను విద్వాంసుని యొద్ద సంగీతరచన నభ్యసించెను. స్వదేశపు జానపదగీతములపై ఆ గురువునకు గల మక్కువ శిష్యునకును అబ్బెను.

రెండు సంవత్సరములు పారిస్ నగరమున నుండి, 1889లో గ్రనాడోస్ బార్సిలోనాకు తిరిగి వచ్చెను. తరువాత అంపారో అను యువతిని వివాహమాడెను. వారికి ఆరుగురు బిడ్డలు కలిగిరి. 1901లో అతడు ఒక సంగీత పాఠశాలను స్థాపించి, అనేకులకు విద్య నేర్పెను.

స్పెయిన్ దేశపు చిత్రకారులలో గోయా సుప్రసిద్ధుడు. అతని చిత్రములందలి జీవితమును స్వరములలో రూపొందింపగోరి గ్రనాడోస్ 'గోయెస్కాస్' అను పియానో కృతులను రచించెను. 1911లో వానిని వాయింపగా శ్రోతలు మెచ్చుకొనిరి. ఆ సంగీతము నాధారముగా గొని అతడు అదే పేరుతో ఒక సంగీత నాటకమును సిద్ధపరచెను. దానిని పారిస్‌లో ప్రదర్శింప దలచిరి. ఇంతలో 1914లో ప్రథమ ప్రపంచయుద్ధము సంభవించుటచే అది సాగలేదు. న్యూయార్క్ నగరమందలి మెట్రొపాలిటన్ నాటకశాలవారు ఆ నాటకమును ప్రదర్శించుటకు ముందుకు వచ్చిరి.

గ్రనాడోస్‌కు సముద్రమనిన మిక్కిలి భయము. అయినను బిడ్డలను స్వదేశముననే విడిచి, భార్యతో కూడ అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. 1916 జనవరి 28వ తేదీన నాటకము ప్రదర్శింపబడెను. అమెరికా అధ్యక్షుడు విల్సన్ తన భవనమున పియానో వాయింపుమని అతనిని ఆహ్వానించెను. ఆ గౌరవమును కాదనలేక గ్రనాడోస్ తిరుగు ప్రయాణమును వాయిదా వేసెను. నేరుగా స్పెయిన్‌కు పోవు ఓడ తప్పిపోయెను. దంపతులు ఇంగ్లండు మీదుగా పోవలసి వచ్చెను.

1916 మార్చి 24వ తేదీన వారు ఫోక్‌స్టన్ రేవులో 'ససెక్స్' అను ఓడ నెక్కిరి. అది ఫ్రాన్సు దేశమందలి డియెప్ రేవునకు ప్రయాణికులను గొనిపోవుచుండెను. నడిసముద్రమున ఒక జర్మను జలాంతర్గామి దానిపై టార్పెడోను ప్రయోగించెను. నీటిలో దూసుకొని వచ్చి ప్రేలు ఆ ఆయుధము తాకగానే ఓడ ముందుభాగము తెగిపోయెను. గ్రనాడోస్ నీటిలో పడెను. రక్షకులు అతనిని పడవలోనికి లాగిరి. అతనికి ప్రాణాపాయము తప్పినది. కాని కొంత దూరమున అంపారో అలలతో పోరాడుచుండుట కంటబడెను. వెంటనే అతడు మరల సముద్రములో దుమికెనని చెప్పుదురు. దంపతులిరువురును మునిగిపోయిరి.

ఆనాడు ఏబదిమందికి పైగా మరణించిరి. విచిత్రమేమనగా, ఓడ వెనుకభాగము మునుగలేదు. దానిని బులోన్ రేవునకు లాగుకొని పోయిరి. ఓడనే అంటిపెట్టుకొనియున్న అనేకులు బ్రదికిరి.

స్పెయిన్ ఆ యుద్ధమున ఏ పక్షమునను చేరలేదు. అయినను ఆ దేశపు సంగీతకారుడు యుద్ధమునకు బలియయ్యెను. గాయపడినవారిలో అమెరికనులును ఉండిరి. విల్సన్ తీవ్రముగా నిరసింపగా, ముందుగా హెచ్చరింపక వర్తకనౌకలను ముంచబోమని జర్మనీ 1916 మే 4వ తేదీన మాట యిచ్చెను. మరుసటి సంవత్సరమే ఆ మాట తప్పెను. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధమున ప్రవేశించెను.

తల్లిదండ్రులను కోల్పోయిన ఆరుగురు బిడ్డల సహాయార్థము కాసల్స్, క్రైస్లర్, పదెరెవ్‌స్కీ అను మహావిద్వాంసులు న్యూయార్క్‌లో కచేరీ చేసిరి. గ్రనాడోస్ కృతులను నేటికిని పలుదేశముల విద్వాంసులు వాయించుచున్నారు. జీవితమంతయు సముద్రమునకు వెరచిన ఆ మనుజుడు, ఆప్తురాలు ఆపదలో నున్నప్పుడు మాత్రము వెరువలేదు.