బ్రదర్ లారెన్స్

బ్రదర్ లారెన్స్ (సుమారు 1614 – 1691 ఫిబ్రవరి 12) ఫ్రాన్సు దేశంలోని పారిస్ నగరంలో నివసించిన కార్మెల్ సభ సన్యాసి. ఈయన అసలు పేరు నికొలాస్ హెర్మన్. మఠంలో చేరిన తరువాత పునరుత్థాన లారెన్స్ అనే పేరు స్వీకరించాడు. ఈయన గురువుగా అభిషేకం పొందలేదు, వేదాంత విద్య అభ్యసించలేదు. జీవితంలో అధిక భాగం మఠపు వంటశాలలోను, పిమ్మట చెప్పులు కుట్టే గదిలోను గడిపాడు. అయినప్పటికీ దీనమైన హృదయంతో దేవుని సన్నిధిని చేరడం ఎట్లా అన్న విషయమై క్రైస్తవ లోకంలో నేటికీ ఎక్కువగా చదువబడుతున్న రచనలలో ఈయన మాటల సంకలనం ఒకటి. ఈ సంకలనం 'దేవుని సన్నిధి సాధన' అనే అర్థం గల పేరుతో అనేక భాషలలో ప్రచారంలో ఉంది.

బాల్యము, సైనిక జీవితము

లారెన్స్ లొరేన్ ప్రాంతంలో లునేవిల్ పట్టణానికి సమీపాన గల ఎరిమెనిల్ అనే గ్రామంలో జన్మించాడు. పాత పుస్తకాలలో ఈయన జనన సంవత్సరం వేర్వేరుగా కనిపిస్తుంది. ఆధునిక పరిశోధకులు 1614ను అంగీకరిస్తున్నారు. లొరేన్ అప్పటికి ఫ్రాన్సులో అంతర్భాగం కాదు, అది ఒక ప్రత్యేక సంస్థానం. ముప్పై సంవత్సరాల యుద్ధం (1618 – 1648) ఆ ప్రాంతాన్ని సర్వనాశనం చేసింది.

పద్దెనిమిదేళ్ళ వయసులో జరిగిన ఒక చిన్న సంఘటన తన జీవితాన్ని మార్చివేసిందని లారెన్స్ తరువాతి కాలంలో చెప్పేవాడు. శీతాకాలంలో ఆకులన్నీ రాలిపోయి మోడువారిన ఒక చెట్టును ఆయన చూశాడు. కొద్ది కాలానికే ఆ చెట్టు చిగురించి, పూచి, కాయలు కాస్తుందన్న ఆలోచన కలిగింది. ఆ ఆలోచనలో దేవుని శక్తి, సంరక్షణ ఆయన మనసుకు ప్రత్యక్షమయ్యాయి. దర్శనమో అద్భుతమో ఏదీ లేదు. పల్లెలో పెరిగిన ప్రతి వ్యక్తీ ఏటా చూసే దృశ్యమే అది.

ఈ అనుభవం కలిగినా ఆయన వెంటనే సన్యసించలేదు, సైన్యంలో చేరాడు. ఒక సందర్భంలో జర్మన్ సైనికులు ఆయనను గూఢచారిగా భావించి బంధించి, ఉరి తీస్తామని బెదిరించారు. ఆయన చలించకుండా సమాధానమివ్వడంతో విడిచిపెట్టారు. 1635లో రాంబెర్‌విల్లే వద్ద స్వీడిష్ సేనలతో జరిగిన పోరులో కాలికి గాయమైంది. ఆ కాలి బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. తల్లిదండ్రుల ఇంట కోలుకున్న తరువాత కొంతకాలం ఏకాంతవాసం చేశాడు, కాని అది సరిపడలేదు. అనంతరం పారిస్ చేరి ఫియుబే అనే కోశాధికారి వద్ద సేవకుడిగా పనిచేశాడు. తాను చాలా మొరటువాడినని, చేతిలోని వస్తువులన్నీ పగలగొట్టేవాడినని ఆ ఉద్యోగం గురించి ఆయనే చెప్పుకున్నాడు.

మఠ ప్రవేశము

1640లో లారెన్స్ పారిస్‌లోని వోజిరార్ వీధిలో గల కార్మెల్ మఠంలో చేరాడు. ఇది 16వ శతాబ్దంలో ఆవిలా తెరేసా, సిలువ యోహాను స్పెయిన్‌లో సంస్కరించిన శాఖకు చెందినది. ఈ శాఖవారిని 'పాదరక్షలు లేనివారు' అంటారు. వాస్తవానికి వారు బూట్లు మాత్రమే విడిచిపెట్టి సాధారణమైన చెప్పులు ధరించేవారు, కనుకనే లారెన్స్‌కు తరువాత చెప్పులు కుట్టే పని దొరికింది. ఆయన 1642లో శాశ్వత వ్రతాలు స్వీకరించాడు. గురుత్వం లేని సహోదరుడు కావడం వల్ల మఠపు శారీరక శ్రమలు ఆయన వంతుకు వచ్చాయి. తన మొరటుతనానికి ఇక్కడ తగిన శిక్ష పడుతుందని, తన సుఖాలన్నీ దేవునికి సమర్పణ అవుతాయని ఆశించి మఠంలో చేరాడట. తీరా ఇక్కడ సంతృప్తి తప్ప మరేమీ దొరకక, దేవుడు తనను మోసగించాడని ఆయన చమత్కరించేవాడు.

అయితే ఆ సంతృప్తి ఆరంభంలోనే రాలేదు. మఠ జీవితపు తొలి సంవత్సరాలు ఆయనకు తీవ్రమైన మనోవేదనతో గడిచాయి. పూర్వపు పాపాలు నిరంతరం కళ్ళ ముందు నిలిచేవి. తాను నరకానికి పోవడం నిశ్చయమని నాలుగేళ్ళపాటు దృఢంగా నమ్మాడు. లోకంలోని మనుషులందరూ కలిసి చెప్పినా ఆ నమ్మకం పోయేది కాదు. మొత్తం మీద ఈ అంతర్గత క్లేశం దాదాపు పదేళ్ళు కొనసాగిందని తన ఉత్తరంలో పేర్కొన్నాడు. చివరకు, తాను మఠానికి వచ్చింది దేవుని ప్రేమ కోసమే తప్ప మరి దేనికీ కాదని, రక్షణ పొందినా నశించినా ఆయన ప్రేమ కోసమే పనిచేస్తూ ఉంటానని నిశ్చయించుకున్నాడు. బాధ తొలగిపోతుందన్న ఆశను కూడా విడిచిపెట్టిన ఆ దశలోనే ఆయనకు గాఢమైన శాంతి లభించింది. లారెన్స్ వినయాన్ని కేవలం సాధు స్వభావంగా భావించేవారు ఈ పదేళ్ళను తప్పక గమనించాలి.

వంటశాల

లారెన్స్‌కు వంటపని అంటే సహజంగా అయిష్టం. అయినా సుమారు పదిహేనేళ్ళు ఆ పనిలోనే ఉన్నాడు. పెనం మీద అట్టు తిరగవేయడం దేవుని ప్రేమ కోసం చేసేవాడు. అది పూర్తయ్యాక మరో పని లేకుంటే నేలమీద సాగిలపడి నమస్కరించేవాడు. ఏ పనీ లేనప్పుడు నేల మీది గడ్డిపరకను ఆ ప్రేమతోనే తీయగలిగినా చాలునని ఆయన అభిప్రాయం. ప్రార్థన సమయం వేరు, పని సమయం వేరు అన్న భేదం ఆయనకు ఉండేది కాదు. ఒకేసారి పలువురు పలు వస్తువులు అడుగుతున్న వంటగది సందడిలోను, గుడిలో మోకరించినప్పుడూ ఒకే ప్రశాంతత అనుభవించేవాడు.

మఠానికి కావలసిన ద్రాక్షరసం కొనుగోలు కోసం ఆయనను ఒవేర్న్, బుర్గుండి ప్రాంతాలకు పంపేవారు. వ్యాపార విషయాలలో ఆయనకు నేర్పు లేదు. పైగా కాలి అవిటితనం వల్ల పడవలో పీపాల మీదుగా దొర్లుతూ తప్ప కదలలేకపోయేవాడు. ఇది నీ పని, నువ్వే చూసుకో అన్న ధోరణిలో దేవునికి విన్నవించి బయలుదేరేవాడు. పని ఎలా జరిగిందో తెలియకుండానే చక్కగా పూర్తయ్యేదని చెప్పాడు. కాలి బాధ ఎక్కువైన తరువాత ఆయనను చెప్పులు కుట్టే పనికి మార్చారు.

ప్రార్థనా విధానము

లారెన్స్ బోధించిన ప్రార్థనలో క్రమబద్ధమైన పద్ధతి ఏదీ లేదు. ధ్యాన గ్రంథాలలోని వివిధ మార్గాలు తనను కలవరపెట్టాయని, అందువల్ల వాటిని వదిలివేశానని ఆయన రాశాడు. చేయవలసిందల్లా దేవుడు తన చెంతనే ఉన్నాడని తలచుకోవడం, మాటిమాటికీ ఆయనతో క్లుప్తంగా మాట్లాడడం. మనసు పక్కకు పోతే కంగారు పడకుండా నెమ్మదిగా వెనక్కు తీసుకురావాలి. ఇది ఒక్కరోజులో పట్టుబడేది కాదు. ఆరంభంలో ఎంతో శ్రమ ఉంటుందని, అలవాటైన తరువాత అదే సహజమవుతుందని ఆయన చెప్పేవాడు.

తన స్థితిని వివరించడానికి ఆయన వాడిన ఉపమానాలు గమనార్హం. రాజు పట్ల అనేక నేరాలు చేసి, ఒళ్ళంతా పుండ్లతో, దుర్గంధంతో ఉన్న దోషిగా తనను భావించుకునేవాడు. తప్పులన్నీ ఒప్పుకొని రాజు చేతులలో తనను ఉంచుకుంటే, ఆ రాజు శిక్షించకపోగా కౌగిలించుకొని, తన బల్ల వద్ద కూర్చోబెట్టి, స్వహస్తాలతో వడ్డించి, ధనాగారపు తాళాలు ఇచ్చాడట. మరొక చోట తాను శిల్పి ముందు ఉంచిన రాయి వంటివాడినన్నాడు. ప్రార్థనలో మనసు నిలవడం లేదని వాపోయిన ఒక మఠకన్యకు, ధనవంతుని వాకిట పడి ఉన్న మూగ, పక్షవాత భిక్షకునిలా ఉండమని సలహా ఇచ్చాడు. లూకా సువార్తలో దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న సుంకరి కథ తెలిసిన పాఠకులకు ఈ ఉపమానాల మూలం సులభంగానే అర్థమవుతుంది. కాని సుంకరి ఒకసారి గుడికి వెళ్ళి ప్రార్థించి ఇంటికి మరలాడు. లారెన్స్ ఆ దీనస్థితిని రోజంతా, పని మధ్యలో కూడా నిలుపుకోవడానికి ప్రయత్నించాడు.

తప్పు చేసినప్పుడు ఆయన ప్రవర్తన కూడా ఇటువంటిదే. నన్ను నాకు వదిలివేస్తే ఇంతకంటే బాగా చేయలేనని దేవుని ముందు ఒప్పుకొని, ఆ తరువాత దానిని తలచుకొని కుమిలిపోయేవాడు కాదు. అతిగా పశ్చాత్తాపపడడంలో కూడా స్వాభిమానం దాగి ఉండవచ్చునన్న సూచన ఇందులో కనిపిస్తుంది. రోగులకు రాసిన ఉత్తరాలలో మాత్రం ఆయన మాట కొంత కఠినంగా తోచవచ్చు. నొప్పి తొలగాలని కాక, దానిని ఓర్చుకునే బలం కోసం ప్రార్థించాలని ఆయన కోరాడు. ఏళ్ళ తరబడి కాలి బాధ భరించినవాడు కాబట్టి అది ఇతరులకు మాత్రమే చెప్పిన నీతి కాదు.

రచనలు, వివాదము

లారెన్స్ పుస్తకమేదీ ప్రచురించలేదు. తన ఉత్తరాన్ని ఎవరికీ చూపరాదన్న షరతుతో ఒక ఉత్తరం ప్రారంభించాడు. జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు 1666, 1667లలో ఆయనతో జరిపిన నాలుగు సంభాషణలను రాసి ఉంచాడు. లారెన్స్ మరణానంతరం బోఫోర్ ఆయన సూక్తులను, పదహారు ఉత్తరాలను 1692లోను, సంభాషణలను 1694లోను ముద్రింపజేశాడు. ప్రసిద్ధ రచయిత, ఆర్చిబిషప్పు ఫెనెలోన్ కూడా లారెన్స్‌ను స్వయంగా కలుసుకున్నవాడే.

ఆ పరిచయమే కొంతకాలం ఈ పుస్తకానికి చేటు తెచ్చింది. 17వ శతాబ్దాంతంలో ఆత్మ దేవుని ముందు పూర్తిగా నిష్క్రియంగా ఉండాలన్న వాదంపై ఫ్రాన్సులో పెద్ద వివాదం చెలరేగింది. ఫెనెలోన్, బోస్యూయే పరస్పరం తలపడ్డారు. ఫెనెలోన్ గ్రంథంలోని కొన్ని అంశాలను 1699లో పోపు ఖండించాడు. ఫెనెలోన్ పక్షాన లారెన్స్ పేరు ఉదహరించబడడంతో ఫ్రెంచి కథోలికులు ఆయనను క్రమంగా మరచిపోయారు. ప్రొటెస్టెంటులు మాత్రం ఆదరించారు. పియెర్ ప్వారే ఈ రచనలను పునర్ముద్రించగా, జాన్ వెస్లీ తన 'క్రైస్తవ గ్రంథాలయం' సంపుటాలలో వీటి సంక్షిప్త పాఠాన్ని చేర్చాడు. ఒక కథోలిక మఠవాసిని ఆయన స్వంత దేశం మరచినప్పుడు ఆంగ్ల ప్రొటెస్టెంటులు కాపాడడం చరిత్రలో ఒక విచిత్రం. 1991లో కాన్రాడ్ ద మేస్టర్ అనే కార్మెల్ పండితుడు ఫ్రెంచి మూలానికి పరిష్కృత ప్రతిని వెలువరించాడు.

మరణము

1691 ఆరంభంలో లారెన్స్ ఊపిరితిత్తుల పొర వాపుతో మంచం పట్టాడు. ఫిబ్రవరి 6న రాసిన చివరి ఉత్తరంలో, కొద్ది రోజులలోనే దేవుని దర్శించగలనని ఆశించాడు. అంత్య సంస్కారాలు స్వీకరించిన తరువాత, ఏం చేస్తున్నావని ఒక సహోదరుడు అడిగితే, నిత్యత్వంలో ఏం చేయబోతున్నానో ఇప్పుడూ అదే చేస్తున్నానని, దేవుని స్తుతిస్తున్నానని జవాబిచ్చాడు. ఫిబ్రవరి 12, సోమవారం ఉదయం మరణించాడు. వోజిరార్ వీధిలోని ఆ మఠంలో ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792 సెప్టెంబరులో, నూరు మందికి పైగా గురువులు హత్యకు గురయ్యారు. తరువాత 1875లో స్థాపించిన పారిస్ కథోలిక విద్యాసంస్థ ఆ ఆవరణలోనే నెలకొంది.