మాజినీ ఉత్తరములు

జోసెఫ్ మాజినీ నామము మన దేశమునకు క్రొత్తది కాదు. సురేంద్రనాథ బెనర్జీ ఆయన చరిత్రమును కలకత్తా యువకులకు ఉపన్యసించిన నాటినుండియు ఇటలీ ఐక్యతకై ఆయన పడిన పాట్లు విన్నవారు పెక్కండ్రు. ఆయన ఉత్తరముల కథ మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. రాజ్యక్షేమము పేరిట దొరతనము పరుల జాబులను విప్పి చదువవచ్చునా యను ప్రశ్న ఆంగ్ల పార్లమెంటును కుదిపివేయుటకు ఈ నిరుపేద ప్రవాసి కారకుడయ్యెను. కావున ఆ కథను పాఠకులకు మనవిచేయుచున్నాము.

మాజినీ 1805 జూన్ 22వ తేదీన జెనోవా నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. న్యాయశాస్త్రము చదివిన పిదప కార్బొనారీ యను రహస్యసంఘమున చేరెను. ఒక వేగులవాడు పట్టియిచ్చుటచే 1830లో సవోనా దుర్గమున బంధింపబడెను. కుమారుని నేరమేమని తండ్రి యడుగగా, ఆ పడుచువాడు రాత్రులు ఒంటరిగ తిరుగుచు ఆలోచించుచుండుననియు, ఏమి యాలోచించుదురో తెలియరాని యువకులు దొరతనమునకు గిట్టరనియు గవర్నరు బదులు చెప్పెనట! నేరము ఋజువు కాలేదు. అయినను స్వేచ్ఛగ విడువలేదు. పోలీసుల కనుసన్నల ఏదేని చిన్న పట్టణమున కాపురముండుటయో, దేశము విడిచిపోవుటయో కోరుకొమ్మనిరి. ఆయన ప్రవాసమునే కోరుకొనెను.

1831లో మార్సేల్సునందు యువ ఇటలీ సంఘమును స్థాపించెను. 1833లో కుట్ర బయటపడగా పరోక్షమున మరణశిక్ష విధింపబడెను. మరుసటి యేట సవాయిపై జరిపిన దండయాత్రయు విఫలమయ్యెను. ఆయన కుట్రదారుడు కాడని మేము వాదింపము. అయితే ఆ కుట్రలలో నేదియు బ్రిటిషు రాజ్యముపై పన్నినది కాదు. 1837 జనవరిలో లండను చేరి, వ్యాసములు వ్రాసి పొట్టపోసికొనుచు, 1841లో అచ్చటి బీద ఇటాలియనుల కొఱకు ఉచిత పాఠశాల తెరచెను.

1844లో తనకు వచ్చు జాబులు ఆలస్యముగ చేరుచున్నట్లు ఆయన కనిపెట్టెను. అనుమానము తీర్చుకొనుటకై మిత్రులచే కవరులలో గసగసలు, ఇసుకరేణువులు, తలవెండ్రుకలు పెట్టించి తపాలాలో వేయించెను. ముద్ర చెక్కుచెదరకుండ జాబు చేరెను గాని లోపలి గసగసలు లేవు! విప్పినవారు మరల అంటించుటలో ఆరితేరినవారే గాని గింజలను లెక్కపెట్టలేదు.

జూన్ 14వ తేదీన డంకోంబు అను సభ్యుడు మాజినీ ప్రభృతుల అర్జీని కామన్సు సభలో దాఖలుచేసెను. హోంమంత్రి సర్ జేమ్సు గ్రాహాము అర్జీదారులలో నొకని విషయమున తాను వారెంటు ఇచ్చితినని ఒప్పుకొనెను. చట్టము తనకు ఆ యధికారమిచ్చినదనెను. కారణము చెప్పుట రాజ్యక్షేమమునకు భంగకరమనెను. చట్టమున్న మాట నిజమే. ఆన్ రాణి కాలమునుండియు మంత్రుల వారెంటుపై జాబులు విప్పుట చెల్లుచుండెను. కాని పెన్నీ తపాలా వచ్చి నాలుగేండ్లే యైనది. సామాన్యులెల్లరు జాబులు వ్రాయ మొదలిడిన కాలమది. కావుననే ఇది విదేశీయుని గొడవ యని జనులు ఊరకుండలేదు. కార్లైలు పండితుడు టైమ్సు పత్రికకు లేఖ వ్రాసి మాజినీ శీలమునకు సాక్ష్యమిచ్చెను. పంచ్ పత్రిక మంత్రిని పరిహసించెను.

అంతలో మరియొక సంగతి వెల్లడి యయ్యెను. ఆస్ట్రియా నౌకాదళము విడిచివచ్చిన బాందియేరా సోదరులు కొలదిమంది అనుచరులతో కోర్ఫూ ద్వీపమునుండి బయలుదేరి కలాబ్రియా తీరమున దిగి పట్టుపడిరి. జులై 25వ తేదీన అన్నదమ్ములను, మరి యేడుగురిని కొసెంజా యొద్ద కాల్చిచంపిరి. మాజినీతో వారికి ఉత్తరప్రత్యుత్తరములుండెను. ఆ జాబులే వారి ప్రాణములు తీసెనని లోకము నమ్మెను. మేము అట్లు నిశ్చయించి చెప్పజాలము. వారి బృందములోని వాడే వారికి ద్రోహము చేసెను, మాజినీయు ఆ సాహసము వలదని వారించియుండెను. అయితే జాబులలోని సమాచారము కొంత పరప్రభుత్వమునకు తెలుపబడెనని పార్లమెంటు కమిటీయే యొప్పుకొనెను. పేర్లు చెప్పలేదని సమర్థించెను. ఇంగ్లండు రక్షణకని విప్పిన జాబు ఆస్ట్రియా కొలువునకు ఉపకరించుట యెట్టి రాజ్యక్షేమమో మాకు బోధపడదు.

కమిటీలు తలుపులు మూసికొని విచారించినవి. డంకోంబునకే అందు స్థానమీయలేదు. తపాలా కార్యాలయములో విదేశపు జాబులను విప్పు రహస్యశాఖను, గూఢలిపిని చదువు శాఖను ఎత్తివేసిరి; మంత్రి వారెంటు అధికారము మాత్రము నిలిచెను. గ్రాహాము మాజినీపై సభలో ఎత్తిన హత్యాపవాదమును 1845లో ఉపసంహరించుకొనవలసివచ్చెను.

1849లో మాజినీకే అధికారము దక్కెను. రోమను రిపబ్లికునందు ముగ్గురు పాలకులలో నొకడై, చవుక పూటకూటియింట భుజించుచు, ఫ్రెంచి ఫిరంగులు నగరముపై పేలుచుండగ రాజ్యము నడపెను. బయట శత్రువు, లోపల పోప్ పక్షీయులు. జాబులు విప్పుటకు ఇంతకంటె మంచి సాకు ఏ పాలకునకు దొరకును? ఆ రిపబ్లికు శాసనసభ అంగీకరించిన రాజ్యాంగములో ఉత్తరముల రహస్యము అనుల్లంఘనీయమని యొక నిబంధన గలదు. జులై 3వ తేదీన ఫ్రెంచి సేనలు నగరము ప్రవేశించుచుండగ దానిని ప్రకటించిరి. అది ఒక్కదినమైన అమలు జరుగలేదు.

పిమ్మట మరల ప్రవాసమే. ఇటలీ ఏకమయ్యెను గాని రాజు క్రింద. అది ఆయన కోరినది కాదు. 1870లో అరువదియైదేండ్ల వయస్సున గయేటా కోటలో మరల చెరనుండెను. 1872 మార్చి 10వ తేదీన పీసా నగరమున మిత్రుల యింట కన్నుమూసెను. ఆ యింట ఆయన బ్రౌను అను ఆంగ్ల నామముతో నివసించుచుండెను.