నావికుల మిత్రుడు శామ్యూల్ ప్లిమ్సాల్

విశాఖపట్టణపు రేవునకు పోయి సరుకుల ఓడలను చూచినవారు వాని ప్రక్కల నొక గుర్తును గమనించియే యుందురు. ఓడ నడిమి భాగమున, నీటిమట్టమునకు సమీపముగా, ఒక వలయమును, దానిని అడ్డముగా ఖండించు నొక గీతయు కనబడును. పలువురు దానిని ఓడ కంపెనీవారి ముద్ర యని తలంతురు. అది ముద్రయు కాదు, అలంకారమును కాదు. ఓడ యెంత బరువు మోయవచ్చునో తెలుపు హద్దు. ఈ హద్దుకొరకు తన జీవితమును ధారపోసిన మహనీయుని చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుపబూనితిమి.

శామ్యూల్ ప్లిమ్సాల్ 1824వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన ఇంగ్లండు దేశమందలి బ్రిస్టల్ నగరమున జన్మించెను. అతని బాల్యము పెన్రిత్, షెఫీల్డు పట్టణములలో గడచెను. చిన్న వయస్సుననే చదువు మాని, షెఫీల్డులో నొక బీరు కర్మాగారమున గుమాస్తాగా చేరి, తన శ్రద్ధచేత మేనేజరు పదవికి వచ్చెను. 1853లో లండను నగరమునకు పోయి బొగ్గు వర్తక మారంభించెను గాని, అందు నష్టపడి కడు బీదవాడయ్యెను. కొంతకాలము కూలివారుండు వసతిగృహమున, వారమునకు ఎనిమిది షిల్లింగులకు లోబడిన వ్యయముతో దినములు వెళ్లబుచ్చెను. బీదలు పడు పాట్లు అచ్చట అతనికి స్వానుభవమున తెలిసెను. తరువాత వర్తకము కలిసివచ్చి ధనవంతుడైనను, ఆ దినములను మరువలేదు. 1868లో డర్బీ పట్టణ ప్రతినిధిగా ఎన్నుకొనబడి పార్లమెంటులో ప్రవేశించెను.

ఆ కాలమున ఇంగ్లండు సముద్ర వర్తకము మిక్కిలి వర్ధిల్లుచుండెను. కాని దానితోకూడ నొక ఘోరమును పెరుగుచుండెను. కొందరు ఓడ యజమానులు అధిక లాభమునాశించి, జీర్ణించిన ఓడలను సయితము అంచులవరకు సరుకుతో నింపి పంపుచుండిరి. ఓడకు దాని వెలను మించి భీమా చేసియుండుటచే, అది మునిగినను యజమానికి నష్టములేదు, ఒక్కొక్కప్పుడు లాభమే కలుగుచుండెను. నష్టమంతయు నావికులదియు, వారి భార్యాబిడ్డలదియు. ఇట్టి ఓడలకు జనులు శవపేటికలని పేరుపెట్టిరి. పనికి ఒడంబడి సంతకముచేసిన నావికుడు, ఓడ స్థితిని చూచి భయపడి యెక్కనొల్లనిచో, చట్టప్రకారము చెరసాల పాలగుచుండెను.

అధిక భారమువలన కీడేమని బాలురు అడుగవచ్చును. ఓడలో నీటికి పైనుండు భాగము దానికి ఊపిరివంటిది. పెద్ద అల వచ్చినపుడు ఆ భాగముయొక్క బలముచేతనే ఓడ మరల పైకి లేచును. భారము హెచ్చి ఓడ లోతుగా దిగినయెడల, అలలు పైతట్టుమీదుగా పొరలి, సరుకు గదుల మూతలను పగులగొట్టి లోపల ప్రవేశించును. అట్టి ఓడ తేరుకొనుట దుర్లభము.

ఓడలకు భారపు హద్దు ఉండవలెనని ప్లిమ్సాల్‌కు ముందే న్యూకాజిలు పట్టణపు ఓడ యజమాని జేమ్సు హాలు వాదించియుండెను. ఓడ యజమానులందరును లోభులు కారనుటకు ఇదియే నిదర్శనము. ప్లిమ్సాల్ ఆ పనిని తన భుజములపై వేసికొని, 1873లో మన నావికులు అను పేర నొక గ్రంథము ప్రకటించెను. దానిని చదివి దేశమంతయు కలతపడెను. విచారణకై రాజసంఘ మొకటి నియమింపబడెను. కొందరు యజమానులు అతనిపై పరువునష్టపు దావాలు వేసిరి. అయినను అతడు వెనుదీయలేదు. అతని భార్య ఎలిజా అతనికి అన్నివిధముల తోడ్పడెను.

1875వ సంవత్సరము జూలై 22వ తేదీన ప్రధానమంత్రి డిజ్రేలీ ఆ యేటికి ఓడల బిల్లును విడిచిపెట్టుచున్నామని సభలో ప్రకటించెను. రాబోవు శీతకాలపు తుపానులలో ఎందరు నావికులు నశింతురోయని ప్లిమ్సాల్ హృదయము భగ్గుమనెను. అతడు సభామర్యాద మరచి, కొందరు సభ్యులను దుర్మార్గులని నిందించి, సభాధ్యక్షునివైపు పిడికిలి చూపెను. వారము దినములకు సభయెదుట నిలిచి తన మాటలకు క్షమాపణ చెప్పుకొనెను. కోపమునకు క్షమాపణ చెప్పెనే గాని, తాను పట్టిన పక్షమును విడువలేదు. ప్రజలు అతని పక్షముననే నిలిచిరి. ప్రభుత్వమువారు ఆ యేడే తాత్కాలికముగ నొక చట్టమును, 1876లో పెద్ద చట్టమును చేయవలసివచ్చెను.

అయితే కార్యము అంతటితో ముగియలేదు. 1876 చట్టము ఓడపై గీత యుండవలెనని చెప్పెనే గాని, ఎచ్చట నుండవలెనో నిర్ణయించు అధికారమును యజమానికే విడిచెను. దొంగచేతికి తాళపుచెవి ఇచ్చినట్లయ్యెను. ఈ లోపము తీరుటకు మరి పదునాలుగేండ్లు పట్టెను. 1890లో చేసిన చట్టముతో గీత స్థానమును నిర్ణయించు అధికారము ప్రభుత్వ వర్తకశాఖకు చేరెను. ప్లిమ్సాల్ 1880లోనే తన స్థానమును సర్ విలియం హార్కోర్టుకు విడిచినను, నావికుల సేవ మానలేదు. 1890లో పశువులను మోయు ఓడలలోని క్రూరత్వమును గూర్చియు గ్రంథము వ్రాసెను. 1898 జూన్ 3వ తేదీన ఫోక్‌స్టన్ పట్టణమున పరమపదించెను. 1929లో నావికుల సంఘమువారు లండనులో థేమ్సు నదియొడ్డున అతనికి స్మారకచిహ్నము నిలిపిరి.

1930లోను, మరల 1966లోను అనేక దేశములవారు కూడి ఈ గీతను గూర్చి ఒడంబడికలు చేసికొనిరి. నేడు వలయము ప్రక్కన నిచ్చెన మెట్లవలె మరికొన్ని గీతలును ఉండును. ఉప్పునీటికంటె మంచినీరు పలుచన గనుక నదీముఖ రేవులలో ఓడ కొంత లోతుగా దిగును. అందుకొక గీత. ఉష్ణమండల సముద్రమునకొకటి, వేసవికొకటి, తుపానులు మెండైన శీతకాలమునకు అన్నిటికంటె క్రింద మరియొకటి.

ఓడ సముద్రములో సురక్షితముగా నుండుట రేవులోనే ఆరంభమగునని ఈ చరిత్రము తెలుపుచున్నది. తుపాను మన చేతిలో లేదు, మూటల లెక్క మన చేతిలోనున్నది. పొరుగువాని ప్రాణము యజమాని దయపై ఆధారపడరాదు, న్యాయమైన హద్దుపై ఆధారపడవలెను. ఇకముందు రేవులో ఆ వలయమును చూచినపుడు మా విద్యార్థులు, ఆ గీతచేత సురక్షితముగా ఇల్లు చేరిన అసంఖ్యాకులగు నావికులను తలంతురు గాక యని కోరుచున్నాము.